స్కూల్లో వేపచెట్టుని లినో ప్రింట్ చేసి బ్యాచ్ మొత్తానికీ పంచాలంటే

సంక్రాంతికి అందరూ ఊరికి వస్తారు కాబట్టి టెన్త్ బ్యాచ్ గెట్‌టుగెదర్లన్నీ ఆ నాలుగు రోజుల్లోనే పడతాయి, షామియానా, టిఫిన్లు, సార్లకి శాలువాలు, చివర్లో తలా ఒక షీల్డు చేతిలో పెట్టి గ్రూప్ ఫోటో. ఆ షీల్డు మీద ఏముంటదంటే బంగారు రంగు స్టిక్కర్, నెట్‌లో దొరికిన పుస్తకం బొమ్మ, దీపం బొమ్మ, కింద బ్యాచ్ సంవత్సరం. ఊరి పేరు మారిస్తే కావలి స్కూలుదీ అదే, కనిగిరి స్కూలుదీ అదే. ఆ షీల్డుకి పెట్టే డబ్బుల్లోనే, నిజానికి ఇంకా తక్కువలోనే, మీ స్కూల్ గ్రౌండ్‌లో ఉన్న వేపచెట్టుని మీరే గీసి, లినో అనే షీట్ మీద ఉలితో చెక్కి, దానికి ఇంకు పూసి చేత్తో అచ్చు తీసి ఒక్కొక్కరికి ఒక్కో ప్రింట్ ఇవ్వొచ్చు, అది ఎట్టా చెయ్యాలో మొత్తం రాస్తా. డ్రాయింగ్ బాగా వచ్చినోళ్ళు ఒకరుంటే మంచిదే, లేకపోయినా నడుస్తది.

వేపే ఎందుకంటే మన రాష్ట్ర వృక్షం అదే కదా. రాష్ట్రం విడిపోయాక తెలంగాణోళ్ళు జమ్మిచెట్టుని పెట్టుకున్నారు, మనోళ్ళు 2018లో వేపచెట్టుని రాష్ట్ర వృక్షంగా, రామచిలుకని రాష్ట్ర పక్షిగా, కృష్ణజింకని జంతువుగా, మల్లెని పూవుగా ప్రకటించారు. అయితే ఈ జీవో సంగతి పక్కన పెట్టినా మన నెల్లూరు, ప్రకాశం వైపు స్కూలు అంటే వేపచెట్టే, నీళ్ళు సరిగ్గా లేని కనిగిరి, మార్కాపురం వైపు నేలల్లో కూడా అది బతికేస్తది, అందుకే గదులు చాలని రోజుల్లో క్లాసులు దాని కిందే, మధ్యాహ్నం అన్నాలు దాని కిందే, బెల్లు కొట్టే రైలుపట్టా ముక్క వేలాడేదీ దాని కొమ్మకే. ఒకవేళ మీ స్కూల్లో ఉండేది చింతచెట్టో నిద్రగన్నేరో అయితే మాత్రం రాష్ట్ర వృక్షం కదా అని లేని వేపని గీయొద్దు, ఉన్న చెట్టునే గీయండి, బొమ్మ చూడంగానే "ఇది మన చెట్టు రా" అనాలి, అనకపోతే ఇంత కష్టం దండగ.

ముందు వెళ్ళి చెట్టుని చూడండి. ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి గానీ దగ్గర నించి తీస్తే మొదలు లావుగా, పైకొమ్మలు చిన్నగా వచ్చేసి ఆకారం మారిపోద్ది, గేటు దగ్గర నించో ఎదురు వరండా నించో దూరంగా నిలబడి జూమ్ చేసి తీయండి. కొమ్మల నిర్మాణం బాగా కనపడేది ఫిబ్రవరి, మార్చిలో, అప్పుడు వేప ఆకు రాల్చి ఎర్రటి లేత చిగుర్లు వేస్తా ఉంటది, ఉగాదికి పూత మీద ఉంటది. సంక్రాంతికి ప్రింట్ కావాలంటే ముందు సంవత్సరం మార్చిలోనే ఎవరో ఒకరు కొమ్మలు కనపడేట్టు ఫోటోలు తీసి గ్రూప్‌లో పడేసి ఉంచడం మేలు. చెట్టు ఇప్పుడు లేకపోతే, అంటే బిల్డింగ్ కోసం కొట్టేసి ఉంటే, పాత టెన్త్ గ్రూప్ ఫోటోలు వెతకండి, బెంచీలు వేసి సార్లని కూర్చోబెట్టి తీసిన ఫోటోలో వెనకాల చెట్టు కచ్చితంగా ఉంటది. మధ్యలో కొన్నేళ్ళు వేపచెట్లన్నీ కొమ్మల చివర్ల నించి మాడిపోయినట్టు ఎండిపోయినాయి గుర్తుందా, తేయాకు దోమ అనే పురుగు కుట్టి, దాని మీద ఫోమాప్సిస్ అనే బూజు తగిలి వచ్చిన తెగులు అది, అప్పటి ఫోటోల్ని చూసి గీస్తే చెట్టు సగం మోడులా వస్తది, ఆ ఏడాదివి వాడొద్దు.

ఆకు గీసేటప్పుడే చానామంది తప్పు చేస్తారు, కరివేపాకు గీసేసి వేప అంటారు. వేప రెమ్మ ఒక జానెడు ఉంటది, దాని మీద ఇరవై ముప్పై చిన్నాకులు అటూ ఇటూ జంటలుగా వస్తాయి, ఒక్కో చిన్నాకు కొడవలిలా కొంచెం వంగి ఉంటది, అంచుకి రంపపు పళ్ళు ఉంటాయి, ఆకు మొదట్లో రెండు వైపులా సమానంగా ఉండదు, ఒక పక్క కొంచెం ఎక్కువ, ఒక పక్క తక్కువ. చానా రెమ్మల్లో చిట్టచివర ఒంటి ఆకు ఉండదు. కరివేపాకుకి ఈ రంపపు పళ్ళు కనపడవు, ఆకులు చిన్నవి, గుండ్రం పాలు ఎక్కువ. ఇంకోటి తురకవేప అని ఉంటది, రోడ్ల పక్కన పెంచుతారు, దాని రెమ్మ మళ్ళీ రెమ్మలుగా చీలుతది, పూలు ఊదా రంగు, కాయలు గుండ్రంగా పసుప్పచ్చగా గుత్తులు గుత్తులు, అది వేరే చెట్టు. సైన్స్ టీచర్ ఎవరైనా ఉంటే గీసిన బొమ్మ ఒకసారి చూపించండి, వాళ్ళు సంతోషిస్తారు కూడా.

బొమ్మ ప్లాన్ చేసేటప్పుడు పేపర్ మీద పెన్సిల్‌తో మొదలుపెట్టొద్దు, ఒక పలక, బలపం తీసుకోండి. ఎందుకంటే లినోలో మీరు చెక్కి తీసేసిన చోట తెల్లగా వస్తది, చెక్కకుండా వదిలేసిన చోటంతా నల్లగా వస్తది, అంటే నల్ల పలక మీద తెల్లగా గీయడమూ ఇదీ ఒకటే పని. బలపంతో గీసిన ప్రతి గీతా రేపు ఉలి పెట్టాల్సిన గీత. పేపర్ మీద నల్లగీతలతో గీస్తే ఆ గీత మిగలాలంటే దాని చుట్టూరా ఉన్నదంతా చెక్కి పారేయాలి, కొత్తోళ్ళకి చేతులు పడిపోతాయి. పలక మీద గీస్తే ఇంకో లాభం, గీత మరీ సన్నగా వేయలేరు, అంత సన్న గీతలు లినోలో ఎట్టాగూ నిలవవు. మార్కాపురం వైపు స్కూలు అయితే ఇంకా బాగుంటది, దేశంలో చానామంది పిల్లలు రాసుకున్న రాతిపలకలు పోయింది ఆ ఊరి నించే కదా, బొమ్మ చుట్టూ పలక చెక్కఫ్రేమ్ లాగా బార్డర్ పెట్టి మధ్యలో నల్లదాని మీద తెల్లచెట్టు వేయండి, వేరే ఏ అలంకారమూ అక్కర్లేదు.

చెట్టుతో పాటు ఇంకొక్క వస్తువు, ఒక్కటే పెట్టండి. మీ స్కూలోళ్ళకి మాత్రమే తెలిసేది ఏదైనా సరే, ఆ రైలుపట్టా బెల్లు, చెట్టు చుట్టూ కట్టిన చప్టా, చేతిపంపు, ఒక పక్కకి ఒరిగిపోయిన వాలీబాల్ పోల్. గ్రూప్‌లో అడిగితే అందరూ అన్నీ పెట్టమంటారు, ఒంగోలు గిత్త పెట్టు, పెన్నా బ్రిడ్జి పెట్టు, రంగనాయకుల గుడి గోపురం పెట్టు, రాకెట్ పెట్టు అని, శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి పోయినా మనోళ్ళకి రాకెట్ మీద మోజు పోలా. అన్నీ పెడితే అది టూరిజం బోర్డు అయిపోద్ది. కావాలంటే ఒక కొమ్మ మీద రామచిలుకని కూర్చోబెట్టండి, వేపపండ్ల కోసం అవి ఎట్టాగూ వస్తాయి, రాష్ట్ర పక్షి కూడా వచ్చేసినట్టు అవుద్ది. కింద ఒక మూల మాత్రం ఒక రెమ్మని పెద్ద సైజులో వేయండి, ఆకు అంచు రంపపు పళ్ళు అందులో చూపించొచ్చు, పైన చెట్టు మొత్తంలో ఒక్కో ఆకు చెక్కాలని చూడొద్దు, ఆకుల గుంపుల్ని చిన్న చిన్న గంట్లతో చూపిస్తే చాలు. వేపచెట్టు గొడుగు గుండ్రంగా, వెడల్పుగా ఉంటది, మొదలు పొట్టి, బెరడు నిలువుగా పగిలి ఉంటది, ఆ పగుళ్ళు చెక్కడం చానా తేలిక, చూడ్డానికీ బాగుంటది.

ఇంక సామాన్లు. లినో షీట్ అంటే జనపనార గుడ్డ వెనక వేసి ఉండే గట్టి షీట్, మూడు మిల్లీమీటర్ల మందం ఉంటది, అది నెల్లూరు, ఒంగోలు స్టేషనరీ షాపుల్లో అన్నిసార్లూ దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి లేకపోతే మద్రాసు పోయే వాళ్ళెవరికైనా చెప్పి అక్కడి ప్యారిస్ కార్నర్ బజారు నించి తెప్పించుకోవాలి. మెత్తటి రబ్బర్ లాంటి షీట్లు కూడా అమ్ముతారు, చెక్కడం వెన్నలా ఉంటది గానీ సన్న గీతలు కొంచెం ఊగుతాయి, యాభై అరవై కాపీలకి ఏం కాదు. ఉలుల సెట్ ఒకటి, అందులో వి ఆకారం మూతిది, యు ఆకారం మూతిది రెండూ ఉంటే చాలు, మిగతావి పెట్టెలోనే ఉండిపోతాయి. నాలుగంగుళాల రబ్బర్ రోలర్. సైజు విషయానికొస్తే ఏ4 కాగితం మధ్యలో పట్టేట్టు 20 బై 15 సెంటీమీటర్ల బ్లాక్, అంటే చెక్కే షీట్ ముక్క, చేసుకోండి, మొదటిసారి అంతకన్నా పెద్దది వద్దు.

బొమ్మని బ్లాక్ మీదకి ఎక్కించేటప్పుడు కుడిఎడమల గోల ఒకటి ఉంటది. అచ్చులో బొమ్మ తిరగబడతది, అందుకే బ్లాక్ మీద అద్దంలో కనపడినట్టు ఉండాలి. సులువు ఏందంటే పలక బొమ్మని ఫోటో తీసి కావాల్సిన సైజులో ట్రేసింగ్ పేపర్ మీద మెత్త పెన్సిల్‌తో గీసుకొని, ఆ గీసిన వైపుని లినో మీద బోర్లించి వెనక నించి చెంచాతో రుద్దండి, తిరగబడి దిగిపోద్ది, మీరేం లెక్కలు వేసుకోనక్కర్లేదు. లేజర్ జిరాక్స్ తీయించి అది బోర్లా పెట్టి వెనక గోళ్ళరంగు తుడిచే ఎసిటోన్ దూదితో అద్ది రుద్దినా దిగుతది, అప్పుడు కూడా జిరాక్స్‌ని తిప్పి తీయించొద్దు, మామూలుగానే తీయించండి. ఇంక్‌జెట్ ప్రింట్‌కి ఇది పని చెయ్యదు.

అక్షరాల సంగతి. స్కూల్ పేరు లినోలోనే చెక్కాలని ఉబలాటపడతారు, వద్దండీ. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని తిరగేసి, తలకట్లు గుడులు వత్తులతో సహా ఉలితో చెక్కడం అంటే బాగా చెయ్యి తిరిగినోళ్ళకే కష్టం, ఒక్క వత్తు ఎగిరిపోతే బ్లాక్ మొత్తం పోయినట్టే. కలెక్టరేట్ల దగ్గర, కోర్టుల దగ్గర రబ్బర్ స్టాంపులు చేసే షాపులు ఉంటాయి కదా, అక్కడ పేరు, ఊరు, బ్యాచ్ సంవత్సరం ఇచ్చి ఒక పొడవాటి స్టాంపు చేయించుకోండి, డీటీపీ వాళ్ళు మంచి ఫాంట్ పెడతారు, అచ్చుతప్పులు మాత్రం ముందు మీరే నలుగురి చేత చూపించండి. చెట్టు అచ్చు ఆరినాక కింద మార్జిన్‌లో ఆ స్టాంపు నల్ల ప్యాడ్‌తో వేస్తే శుభ్రంగా ఉంటది. ఊదా రంగు ప్యాడ్ వాడొద్దు, టీసీ సర్టిఫికెట్ లాగా ఉంటది. ఇంకా మీ టౌన్‌లో కాలితో తొక్కే ట్రెడిల్ మెషిన్ ఉన్న పాత ప్రెస్ ఏదైనా బతికుంటే సీసపు అక్షరాలతో వేయించండి, దాని అందం దానిదే.

చెక్కేటప్పుడు షీట్‌ని కాసేపు ఎండలో పెట్టండి, మన నెల్లూరు ఎండకి ఇదొక్కటే మంచి ఉపయోగం అని నేనంటా ఉంటా, వెచ్చబడితే లినో మెత్తగా కోసుకుపోద్ది. డిసెంబర్ పొద్దున్నే అయితే గుడ్డ వేసి పైన ఇస్త్రీపెట్టె ఒకసారి తిప్పండి. ముందు వి ఉలితో గీతల అంచులన్నీ తీసుకోండి, ఆ తర్వాత యు ఉలితో పెద్ద తెల్ల జాగాలు ఖాళీ చెయ్యండి. లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు, జనపనార బయటపడిందంటే ఎక్కువైనట్టు. ఉలి ఎప్పుడూ ముందుకే పోవాలి, పట్టుకున్న రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకాలే ఉండాలి, ఈ ఒక్కటి పాటిస్తే రక్తం కారదు. కార్పెంటర్‌ని అడిగితే ఒక చెక్క ముక్కకి పైవైపు ఒక చివర ఒక పట్టీ, అడుగువైపు ఇంకో చివర ఒక పట్టీ మేకులు కొట్టి ఇస్తాడు, దాన్ని టేబుల్ అంచుకి ఆనించి పెట్టుకుంటే షీట్ జారదు. గీత తిప్పాల్సి వస్తే ఉలిని తిప్పొద్దు, షీట్‌ని తిప్పండి. మధ్యమధ్యలో పల్చటి కాగితం పైన వేసి క్రేయాన్‌తో రుద్ది చూసుకుంటే ఇంకు వాడకుండానే ఎంతవరకు వచ్చిందో తెలిసిపోద్ది. తీసేసిన దాన్ని మళ్ళీ అతికించలేం కాబట్టి అనుమానం వచ్చిన చోట వదిలేసి ఒక ప్రూఫ్, అంటే ట్రయల్ అచ్చు, తీసి చూశాక చెక్కండి.

ఇంకులో రెండు దార్లు. నీళ్ళతో కడుక్కునే బ్లాక్ ప్రింటింగ్ ఇంకు ఒకటి, పిల్లలతో చేసేటప్పుడు అదే నయం, కాకపోతే మన ఎండలకి రోలర్ మీదే ఆరిపోతా ఉంటది, ఫ్యాన్లు ఆపేసి, తెల్లారుజామున మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ముగించాలి, ఇంకులో మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ రెండు చుక్కలు కలిపితే కొంచెం నిదానిస్తది. రెండోది నూనె ఇంకు, దానికోసం ఎక్కడికో పోనక్కర్లేదు, శుభలేఖలు వేసే ఆఫ్‌సెట్ ప్రెస్‌లో అడిగితే నల్ల ఇంకు ఒక చిన్న డబ్బాలోకి పెట్టి ఇస్తారు, పెద్దోళ్ళు చేసే బ్యాచ్ ప్రింట్లకి నా ఓటు దానికే, నలుపు చిక్కగా, అంతటా ఒకే తీరుగా వస్తది. దాంట్లో కొంచెం ఆకుపచ్చ కలిపి ముదురు వేపాకు రంగు చేసుకోవచ్చు. రంగులు రెండు మూడు పెట్టాలంటే ఒక్కో రంగుకి ఒక్కో బ్లాక్ చెక్కి కచ్చితంగా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి, మొదటిసారి అది పెట్టుకోవద్దు, ఒక్క రంగు చాలు.

ఇంకు పరవడానికి నున్నటి, పీల్చని పలక కావాలి. చీమకుర్తి చుట్టుపక్కల వాళ్ళకి పాలిష్ చేసిన గ్రానైట్ ముక్కలు ఊరికే దొరుకుతాయి, అంత మంచి పలక ఇంకోటి లేదు, కాకపోతే గెలాక్సీ నల్లరాయి మీద నల్ల ఇంకు ఎంత మందం ఉందో కనపడదు, లేతరంగు ముక్క చూసుకోండి లేకపోతే కిటికీ అద్దం ముక్క కింద తెల్లకాగితం పెట్టుకోండి, అద్దం అంచులకి టేపు వేయడం మర్చిపోవద్దు. ఇంకు చిటికెడే పెట్టండి, రోలర్ నిలువుగా అడ్డంగా తిప్పి పల్చటి పొరగా చెయ్యాలి. సరిగ్గా పరుచుకుందా లేదా అనేది చెవితో తెలుస్తది, సన్నసెగ మీద నూనె చిటపటలాడినట్టు సన్నటి శబ్దం వస్తా ఉంటే సరిపోయింది, బురదలో నడిచినట్టు పచపచ అంటే ఎక్కువైంది, సన్న గీతల్లోకి ఇంకు దిగి పూడిపోద్ది.

కాగితం గురించి ఒక మాట, మందంగా ఉంటే గొప్పగా ఉంటదని శుభలేఖల షాపులో 300 జీఎస్‌ఎం ఐవరీ బోర్డు కొనేస్తారు, చేత్తో రుద్దే అచ్చుకి అది పనికిరాదు, ఇంకు పట్టదు. 120 నించి 160 జీఎస్‌ఎం కార్ట్రిడ్జ్ (డ్రాయింగ్) కాగితం, నున్నటి మెరుపు లేనిది తీసుకోండి, కొంచెం ఖర్చు పెట్టగలిగితే హ్యాండ్‌మేడ్ పేపర్‌లో పల్చటి రకం. ఆ షాపులోనే కటింగ్ మెషిన్ మీద అన్నీ ఒకే సైజుకి కోయించుకోండి, కత్తెరతో కోస్తే ప్రతిదీ ఒక్కో వంకర.

ఒక అట్ట మీద బ్లాక్ పెట్టే చోటు గీసుకొని, రెండు పక్కల ఎల్ ఆకారంలో అట్ట పట్టీలు అతికించండి, కాగితం మూల ఎప్పుడూ ఆ మూలకి ఆనించి దించితే అన్ని ప్రింట్లలో బొమ్మ ఒకే చోట పడతది. ఇంకు పట్టించిన బ్లాక్ లోపల పెట్టి, కాగితం వేసి, ఇప్పుడు రుద్దాలి. ప్రెస్ లేనోళ్ళు చానామంది చెక్క గరిటె వెనకభాగంతోనే రుద్దుతారు, మనకి ఉదయగిరి చెక్క గరిటెలు ఉండనే ఉన్నాయి, ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న సరుకు, నున్నగా, గుండ్రంగా, చేతికి పట్టుగా ఉంటాయి, పెద్ద గరిటె ఒకటి తెచ్చుకోండి. నేరుగా రుద్దితే కాగితం నలుగుద్ది, పైన ఇంకో పల్చటి కాగితం వేసి మధ్యలో మొదలుపెట్టి మూలల వైపు చిన్న చిన్న సున్నాలుగా రుద్దుకుంటా పోవాలి, గట్టిగా, తొందర లేకుండా. తీసే ముందు ఒక మూల అట్టే పట్టుకొని ఇంకో మూల ఎత్తి చూడండి, ఎక్కడన్నా తెల్లబోయి ఉంటే మళ్ళీ దించి అక్కడ రుద్దండి. మొదటి మూడు నాలుగు పేలవంగా వస్తాయి, కొత్త బ్లాక్‌కి ఇంకు పట్టేదాకా అంతే, వాటికి మంచి కాగితం వాడొద్దు.

లెక్క ఇట్టా వేసుకోండి. బ్యాచ్‌లో వచ్చేవాళ్ళు 60 మంది, సార్లు టీచర్లు అటెండర్లు 12 మంది, ఆఫీస్ రూమ్‌కి ఒకటి, రాలేకపోయినోళ్ళకి ఇంకొన్ని, మొత్తం 80 అనుకుంటే 90 అచ్చులు తీయాలి, పదింటిలో ఒకటి పాడవుద్దని ముందే అనుకుంటే కోపాలు రావు. ఒకరు ఇంకు పట్టించేది, ఒకరు శుభ్రమైన చేతులతో కాగితం వేసి రుద్దేది, ఈ ఇద్దరూ మారకూడదు, ఇంకు చేత్తో కాగితం ముట్టుకుంటే వేలిముద్రలే. ఇద్దరు కలిసి గంటకి పది పన్నెండు తీస్తారు కాబట్టి రెండు మూడు పొద్దుటి పూటల్లో అయిపోద్ది. తాడు కట్టి బట్టల క్లిప్పులతో ఆరేయండి. నీళ్ళ ఇంకు గంటల్లో ఆరుద్ది, నూనె ఇంకుకి నాలుగైదు రోజులు, ముసురు పట్టిందంటే వారం పైనే. మనకి అసలు వానలు అక్టోబర్ నించి డిసెంబర్ దాకా కదా, సంక్రాంతి గెట్‌టుగెదర్‌కి డిసెంబర్ చివర్లో అచ్చు మొదలుపెడితే వాయుగుండం ఒకటి వచ్చిందంటే జనవరి పదికి కూడా ఇంకు చేతికి అంటుతా ఉంటది, వానలకి ముందే సెప్టెంబర్‌లో తీసేసి పెట్టుకోండి. పని అయ్యాక నూనె ఇంకుని ముందు గుడ్డతో, ఆ తర్వాత వంటనూనెతో తుడిచి సబ్బు పెట్టాలి. లినోని మాత్రం నీళ్ళల్లో నానబెట్టొద్దు, వెనక గుడ్డ ఉబ్బి షీట్ వంకర తిరుగుద్ది.

ఇప్పుడు చదివే పిల్లల్ని కూడా కలపండి, అప్పుడే అది స్కూలుది అవుద్ది. ఎనిమిదో క్లాసు లోపు పిల్లల చేతికి ఉలి ఇవ్వొద్దు, వాళ్ళకి థర్మకోల్ ప్లేట్ల అడుగుభాగం కోసి ఇచ్చి బాల్‌పెన్‌తో వత్తి గీయమనండి, దానికీ ఇదే రోలర్, ఇదే పద్ధతి. ఇంకా చిన్నోళ్ళయితే నిజం వేపరెమ్మకే వెనకవైపు, ఈనెలు తేలి ఉండే వైపు, ఇంకు పూసి కాగితం మీద అద్దించండి, రంపపు పళ్ళతో సహా అచ్చు దిగుద్ది. రెమ్మని ముందురోజే పుస్తకంలో పెట్టి చదును చేస్తే మెలికలు పడదు.

హెచ్చెమ్ గారి పర్మిషన్ ముందే తీసుకోండి, స్కూల్ పేరు, లోగో వాడతా ఉన్నారు కాబట్టి. గవర్నమెంట్ స్కూల్ కదా అని మూడు సింహాల గుర్తు మాత్రం పెట్టొద్దు, దాన్ని ఎవరు పడితే వాళ్ళు వాడకూడదని 2005లో చట్టమే ఉంది. ప్రింట్లు అమ్మి లైబ్రరీకో టాయిలెట్ల రిపేర్‌కో డబ్బు ఇవ్వాలనుకుంటే లెక్క రాసి గ్రూప్‌లో పెట్టండి, ఊర్లలో మంచిపని ఆగిపోయేది డబ్బు లేక కాదు, లెక్క చెప్పక.

బొమ్మ కింద పెన్సిల్‌తోనే రాయండి, ఎడమ పక్క 1/80, 2/80 అని నంబర్, మధ్యలో బొమ్మ పేరు, కుడి పక్క చెక్కినోళ్ళ సంతకం. ఒకటో నంబర్ నాకంటే నాకని గొడవ పడతారు, చీటీలు వేసేయండి, ఒకటో దానికీ ఎనభయ్యో దానికీ అచ్చులో తేడా ఏం ఉండదు. వెనకవైపు చిన్న కాగితం అంటించి చెట్టు వివరాలు రాయండి: వేప, శాస్త్రీయ నామం ఆజాడిరక్టా ఇండికా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం, స్కూల్ పేరు, చెట్టు గ్రౌండ్‌లో ఎక్కడ ఉంది, ఎవరు నాటారో తెలిస్తే వాళ్ళ పేరు. ఈ చివరిది పాత అటెండర్‌నో రిటైరైన డ్రిల్లు మాస్టారినో అడిగితే తప్ప తెలీదు, వాళ్ళున్నప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. కింద ఒక మూల జాగా ఉంటే, వేపనూనెతో మొక్కలకి పట్టే బూజుని అరికట్టే పద్ధతి మీద అమెరికా వాళ్ళకి యూరప్‌లో ఇచ్చిన పేటెంట్‌ని మనోళ్ళు పోరాడితే 2000లో రద్దు చేశారని, వాళ్ళ అప్పీలు 2005లో కొట్టేశారని రెండు లైన్లు రాయండి, పిల్లలు చదివి ఆశ్చర్యపోతారు.

ఫ్రేమ్ కట్టించేవి సార్లకి ఇచ్చేవి, ఆఫీస్ రూమ్‌లో పెట్టేది మాత్రమే, మిగతా వాళ్ళకి ఒక అట్టతో కలిపి కవర్‌లో పెట్టి ఇస్తే బస్సులో నలగకుండా పోద్ది. ఫ్రేమ్ షాపు వాళ్ళకి అద్దానికీ ప్రింట్‌కీ మధ్య మౌంట్ బోర్డ్, అంటే బొమ్మ కనపడేట్టు కిటికీలా కోసిన అట్ట, పెట్టమని చెప్పండి, చెప్పకపోతే నేరుగా అద్దం కిందే పెట్టేస్తారు, వానాకాలంలో ఇంకు అద్దానికి అంటుకుంటది.

చెట్టు లేని స్కూల్ అయితే ప్రింట్‌తో పాటు ఒక మొక్క కూడా నాటాలనిపిస్తది, మంచిదే, గింజలతో చేయాలంటే జూన్, జూలైలో పండ్లు రాలినప్పుడే ఏరి గుజ్జు కడిగి రెండు మూడు వారాల్లో నాటేయాలి, వేపగింజ దాచిపెడితే మొలకెత్తే శక్తి తొందరగా పోద్ది.

బ్లాక్‌ని పారేయొద్దు. తుడిచి, కొంచెం టాల్కం పౌడర్ రాసి, న్యూస్‌పేపర్‌లో చుట్టి బల్లపరుపుగా బీరువాలో పెట్టి హెచ్చెమ్ గారికి అప్పజెప్పండి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే గట్టిపడి పెళుసెక్కుద్ది. వచ్చే ఏడాది ఇంకో బ్యాచ్ వాళ్ళు అచ్చు తీసుకుంటామంటే ఇవ్వండి, స్టాంపు మాత్రం వాళ్ళ సంవత్సరంతో కొత్తది చేయించుకోవాలి, నంబర్లు కూడా మళ్ళీ ఒకటి నించి.